తొమ్మిదేళ్ళు దిగని బావి

తిరుపాల్ అబద్ధాలు ఆడని మనిషేమీ కాదు. వయసు దగ్గర నాలుగేళ్ళు మింగేవాడు. బెంగళూరులో తాను చేసేది సూపర్‌వైజర్ పని అని ఊళ్ళో చెప్పుకున్నాడు. కానీ బావుల విషయంలో మాత్రం యాభై ఆరేళ్ళు వచ్చేదాకా ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. ఆడాల్సిన అవసరం రాలేదు, అంతే.

పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు బావిలో బిందె పడినా, మోటారు పైపు ఊడి అడుక్కి పోయినా తిరుపాల్‌కే కబురు వచ్చేది. ఊపిరి బిగబట్టి ఐదు నిలువుల నీళ్ళలోకి దిగి, చేతులతో అడుగంతా తడిమి, పోయినదాన్ని పట్టుకునిగానీ పైకొచ్చేవాడు కాదు. ఏ బావిలో ఏ మూల బండ ఉందో, ఎక్కడ ఊట చల్లగా తగులుతుందో అతని చేతులకు కంఠతా వచ్చు. తర్వాత ఊరూరా బోర్లు పడ్డాయి. బావుల్లో నీళ్ళు ఏటికేడు కిందికి పోయాయి. నీళ్ళే లేని చోట మునిగేవాడితో ఎవరికేం పని? 1996లో భార్య పుష్పను వెంటబెట్టుకుని బెంగళూరు బస్సెక్కాడు.

అక్కడ ఒక పెద్ద అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ ఉద్యోగం దొరికింది. గేటు తీయడం, గేటు వేయడం, పొద్దున్నే స్విమ్మింగ్ పూల్‌లో రాలిన ఆకులు వలగంటెతో తీయడం. ఆ పూల్ ఒక చివర మొలలోతు, ఇంకో చివర నిలువున్నర. ఐదు నిలువులు దిగిన మనిషి గట్టున నిలబడి ఆకులు ఏరడమా అని మొదటి ఏడాది కుమిలిపోయాడు. తర్వాత అలవాటైపోయింది. తొమ్మిదేళ్ళలో ఆ ఇళ్ళవాళ్ళెవరూ అతన్ని గేటు సంగతి తప్ప ఇంకేమీ అడగలేదు.

2005లో మాత్రం ఒకడు అడిగాడు. అతని పేరు రాజశేఖర్, సొంత ఊరు హిందూపురం. ఆదివారాలు ఆ పూల్‌లోనే ఉద్యోగాల పిల్లలకు సిలిండర్ ఈత నేర్పేవాడు. వీపుకు గాలి సిలిండరు, నోట్లో గొట్టం, కాళ్ళకు బాతుకాళ్ళ లాంటి రబ్బరు జోళ్ళు. పూల్‌లో నేర్చుకున్నాక సముద్రానికి తీసుకుపోయి దింపించి, సిలిండర్ ఈత వచ్చినట్టు కార్డు ఇప్పిస్తాడు. గట్టున నిలబడి ఆ వేషాలన్నీ చూసి చూసి, ఒకరోజు తిరుపాల్ ఉండబట్టలేక తన బావుల గొప్ప చెప్పుకున్నాడు. రాజశేఖర్ నవ్వలేదు. పక్కన కూర్చుని నోటుపుస్తకం తీశాడు.

"కొత్తగా కార్డు వచ్చినోళ్ళకు చేయి తిరగల్లన్నా. మాటిమాటికీ సముద్రానికి యాడ పోతాం? దగ్గర్లో మంచి బాయి ఉంటే చెప్పు. అరవై అడుగులకు మించి లోతుండకూడదు. నీళ్ళు కదలకుండా, తేటగా ఉండల్ల. దిగేదానికీ ఎక్కేదానికీ మెట్లుండల్ల. అన్నిటికన్నా ముఖ్యం, అడుగున తగులుకునేది ఏదీ ఉండకూడదు. తీగెలు గానీ, కొమ్మలు గానీ, ఏదీ. కొత్తోళ్ళు తగులుకుంటే బెదిరిపోతారు. బెదిరితే గాలి తొందరగా అయిపోతాది."

"మా నరసక్కోళ్ళ బాయి ఉండాది," అన్నాడు తిరుపాల్. "నువ్వు చెప్పినవన్నీ ఉండాయి. రాతి మెట్లు. ఐదు నిలువులు. అడుగు చేత్తో తుడిచినట్లుంటాది. ఈ తూరి వానలకు నిండిందంట గూడా."

ఇంకో నాలుగు బావుల పేర్లూ చెప్పాడు. రాజశేఖర్ అన్నీ రాసుకున్నాడు. తన నోటి మాట ఒకడు పుస్తకంలో రాసుకోవడం తిరుపాల్ బతుకులో అదే మొదలు. ఒళ్ళు పులకరించింది. అప్పుడు వచ్చింది ఆ ప్రశ్న.

"నువ్వు వాటిల్లోకి ఆఖరుతూరి ఎప్పుడు దిగినావన్నా?"

తొమ్మిదేళ్ళు అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తొమ్మిదేళ్ళు అంటే ఆ పెన్ను ఆగిపోతుంది. ఆ పుస్తకం మూతపడుతుంది. మళ్ళీ వలగంటె, ఆకులు.

"పోయిన ఉగాదికి," అన్నాడు తిరుపాల్.

అన్నవాడు అంతటితో ఊరుకున్నా బాగుండేది. "అన్నిట్లోనూ దిగినా" అని ఇంకొంచెం అతికించాడు. ఆ వారమంతా అతనికి గుబులు లేకపోలేదు. ఊరికి ఫోన్ చేసి నరసక్కను ఒక్క మాట అడిగితే పోయేది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. తిరుపాల్ ఒకరిని బావి సంగతి అడగడమేమిటి? నీళ్ళు పెరుగుతాయి, తరుగుతాయి, అడుగు ఎక్కడికి పోతుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. నీళ్ళున్నప్పుడు తప్ప బావి మొహం చూడనివాడికి అంతకుమించి తోచదు.

తర్వాతి ఆదివారం సుమోలో బయల్దేరారు. రాజశేఖర్, తిరుపాల్, రేఖ అనే పిల్ల. రేఖది ధర్మవరం, మగ్గాల కుటుంబం. ఇంట్లో మగ్గం గుంత తప్ప ఇంకో గుంతలో కాలు పెట్టినవాళ్ళు లేరు. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, సిలిండర్ ఈత నేర్చుకుని, కార్డు చేతికొచ్చి ఇరవై రోజులైంది. ఇంట్లో చెప్పలేదట. దారిపొడుగునా ఆ కార్డు తీసి చూసుకుంటూనే ఉంది.

"మామా, నాకు ఇది ఐదో మునక. భయమవుతాది గానీ, నువ్వు అడుగంతా తడిమి చూసినావంట కదా, అదే ధైర్యం," అంది.

తిరుపాల్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

బావి నిజంగానే నిండి ఉంది. పై మెట్లు నాలుగు తప్ప అన్నీ మునిగాయి. పచ్చని తేట నీళ్ళు చూడగానే తిరుపాల్ గుబులంతా ఎగిరిపోయింది. నాది, ఇది నా బావి అనుకున్నాడు. రాజశేఖర్ సుమో వెనక సిలిండర్లు బిగిస్తూ కేకేశాడు.

"కొత్త చోటైతే ముందు చేయి తిరిగిన ఇంకొకరిని తోడు తీసుకుని దిగి చూసేది మా పద్ధతన్నా. నువ్వు చూసినావు కాబట్టి నేరుగా రేఖను తీసుకుపోతాండా. ఈ పొద్దు బాగుంటే వచ్చే వారం ఎనిమిదిమంది వస్తారు."

అప్పుడే నరసక్క వచ్చింది. డెబ్బై ఏళ్ళ ముసలామె, బావి ఆమెదే. గొర్రెలను గట్టు కింద వదిలి, కట్టె పట్టుకుని ఎక్కి వచ్చింది.

"ఏమప్పా తిరుపాలూ! ఎన్నేళ్ళకు కనబడితివి!"

తిరుపాల్ ఓరకంట సుమో వైపు చూశాడు. రాజశేఖర్ సిలిండర్లలో మునిగి ఉన్నాడు, వినలేదు.

"ఆ పిల్ల దీంట్లోకి దిగుతాదా? యాలబ్బా? ఆ కరువులో ఈ బాయిలోకి..."

"గమ్మునుండక్కా!" అన్నాడు తిరుపాల్. మామూలుగా కాదు, పట్నంవాళ్ళకు వినబడేంత గట్టిగా అన్నాడు. "బాయి సంగతి నువ్వు నాకు చెప్తావా?"

రేఖ నవ్వింది. నరసక్క అతని మొహంలోకి ఒకసారి చూసి, పోయి గట్టు మీద కూర్చుంది. పెద్దామెను పట్టుకుని అంత మాట అనడం తిరుపాల్‌కు ఎప్పుడూ లేదు. తర్వాత సర్దిచెప్పుకోవచ్చులే అనుకున్నాడు.

ఇద్దరూ మెట్ల మీదుగా దిగి మునిగారు. నీళ్ళపైన రెండు చోట్ల బుడగలు లేచాయి. తిరుపాల్ వాటిని చూస్తూ, ఇప్పుడు రెండో నిలువు, ఇప్పుడు మూడో నిలువు అని లెక్క వేసుకుంటున్నాడు. బుడగలు మెల్లగా ఉత్తరం మూలకు జరిగాయి. అక్కడ ఆగాయి. ఆగినవి కదల్లేదు. ఒక్కసారిగా బుడగలు మరిగినట్టు ఎక్కువయ్యాయి. కింది నుంచి బురద లేచి పచ్చని నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి.

"కంపల్లో తగులుకున్నట్లుండారు," అంది నరసక్క లేచి నిలబడి.

"ఏం కంపలక్కా?"

"బాయి ఎండినప్పుడు గొర్రెపిల్లలు రెండు పడి చచ్చిపాయ కదా. అప్పుడు ఊరంతా తుమ్మకంప కొట్టి బండ్లకు బండ్లు దీంట్లోకే ఏసినాము. గాలికి లేచిపోకుండా పైన బండలు గూడా పెట్టినాము. అదే చెప్పబోతే గమ్మునుండమంటివి."

తిరుపాల్ చొక్కా కూడా విప్పకుండా దూకాడు.

ఒక నిలువు బాగానే దిగాడు. రెండో నిలువుకు చెవులు పోట్లు పొడిచాయి. మూడో నిలువుకు రొమ్ము బిగుసుకుపోయి కళ్ళ ముందు ఎర్రగా కమ్మింది. కాళ్ళు కొట్టుకుంటూ పైకొచ్చి, మెట్టు పట్టుకుని దగ్గి, మళ్ళీ మునిగాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయాడు. ఆ పిల్ల తన కింద ఇంకో రెండు నిలువుల దూరంలో ఉంది. తొమ్మిదేళ్ళు గేటు తీసి వేసిన ఒళ్ళు అది, ఇక దిగనని మొండికేసింది. మూడోసారి పైకి తేలినప్పుడు అతను ఏడుస్తున్నాడు.

అప్పుడు పక్కనే నీళ్ళు పగిలి రాజశేఖర్ తల లేచింది. చంకకింద రేఖ. కాలికి కట్టుకున్న కత్తితో కంపలు ఒక్కొక్కటే కోసి ఆమెను విడిపించాడు. ఆమె సిలిండర్‌లో గాలి అయిపోతే తన గొట్టం ఆమె నోట్లో పెట్టి పైకి తెచ్చాడు. ముగ్గురూ పడుతూ లేస్తూ మెట్లెక్కారు. రేఖ గట్టు మీద బోర్లా పడి కక్కుకుంది. చెంప చీలింది. చేతుల నిండా ముళ్ళు విరిగి ఉన్నాయి. నరసక్క తన కొంగుతో ఆమె మొహం తుడిచి, తల ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి రేఖ కళ్ళు తెరిచి తిరుపాల్ కోసం వెతికింది.

"మామా, నువ్వు దూకినావు కదా! పైన వెలుతురులో మసకమసకగా నీ కాళ్ళు కనబడినాయి. మనిషి వస్తాండాడు, ఇంక బతుకుతానులే అనుకుంటి."

తిరుపాల్‌కు తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. ఆ పిల్ల కృతజ్ఞతగా చూస్తుంటే ఎక్కడికన్నా పారిపోవాలనిపించింది.

రాజశేఖర్ ఊపిరి తీసుకుని నోటుపుస్తకం తెరిచాడు. "ఉగాది తర్వాతనే ఎవరో ఏసినట్లుండారు. దానికి నువ్వేం చేస్తావులే అన్నా. ఈ బాయి వద్దు. మిగతా నాలుగూ చూద్దాం. వాటిలో గూడా ఉగాదికే కదా దిగింది?"

కంపలు వేసింది ఎప్పుడో నరసక్కకు తెలుసు. తిరుపాల్ ఎన్నేళ్ళ తర్వాత వచ్చాడో కూడా తెలుసు. నోరు విప్పితే అయిపోయేది. విప్పలేదు. రేఖ చేతిలో ముల్లు తీస్తూ తల వంచుకుని కూర్చుంది, అతని పరువు అతని చేతుల్లోనే పెట్టినట్టు. అవును అని తలాడిస్తే చాలు. వచ్చే వారం ఎనిమిదిమంది.

"దిగలేదప్పా," అన్నాడు తిరుపాల్.

"ఏ దాంట్లో?"

"ఏ దాంట్లోనూ దిగలేదు. తొమ్మిదేళ్ళాయ. పోయిన ఉగాదికి నేను మీ పూల్ కాడనే ఉంటిని. ఆకులు తీస్తాంటిని."

రేఖ అతన్ని చూడటం మానేసింది. చెయ్యి నరసక్క చేతిలో అలాగే ఉంది, మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది. రాజశేఖర్ అరుస్తాడనుకున్నాడు తిరుపాల్. అరిస్తే బాగుండనుకున్నాడు. అతను పుస్తకంలో ఆ పేజీని ఇటు నుంచి అటు కొట్టేశాడు.

"ఒకరి ఇంటి పిల్లన్నా," అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత ఎవరినీ ఉద్దేశించనట్టు అడిగాడు. "మరి ఈ బాయిల అడుగున ఏముండాదో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు నాయనా," అంది నరసక్క.

"నీకు ఈతొస్తాదా అవ్వా?"

"నాకు ఈత యాడొస్తాది? అన్నీ ఎండిపాయ కదా. గొర్లు పడినప్పుడల్లా దిగి, అడుగున నడిచి తెచ్చుకుంటి. ఈ చుట్టుపక్కల నేను నడవని బాయి లేదు."

రాజశేఖర్ కొత్త పేజీ తిప్పాడు. నరసక్క చెప్పడం మొదలుపెట్టింది. లింగప్ప వాళ్ళ బావిలో ముళ్ళకంచె తీగె చుట్టలు పారేశారు, అది వద్దు. అన్నమ్మ వాళ్ళ బావిలో పాత మోటారు, పైపులు అలాగే ఉన్నాయి, అదీ వద్దు. చెబుతున్నప్పుడు ఆమె ఒక్కొక్క బావికీ ఆగి, తిరుపాల్ వైపు తిరిగి అడుగుతోంది. పదిమందిలో చిన్నబోయినవాడిని మాటలో కలుపుకోవాలని ఆమె ఆశ.

"అవునా తిరుపాలూ, అన్నమ్మోళ్ళ బాయిలో ఆ దక్షిణం మూల బండ పెద్దదే కదా?"

ఇన్నేళ్ళలో గోడలు కూలి ఆ బండ పూడిపోయిందో, అలాగే ఉందో. తిరుపాల్ తడిబట్టలతో వణుకుతూ నిలబడి ఉన్నాడు.

"నాకు తెలీదక్కా."

"కుళ్ళాయమ్మ వాళ్ళ బాయి అడుగు ఇసకే కదా?"

"నాకు తెలీదక్కా."

రాజశేఖర్ తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. నాలుగో బావికి కూడా ఆమె అడిగింది. ఈసారి తిరుపాల్ తడి చొక్కా పిండుకుంటూ తల అడ్డంగా ఊపాడు. ఐదో బావి దగ్గరికి వచ్చేసరికి నరసక్క అతని వైపు తిరగలేదు. రాజశేఖర్‌నే చూస్తూ చెప్పుకుపోయింది.