జడ ఉన్న నీడ

పొద్దున ఆరు కొట్టేసరికి వాసుదేవ్ ముఖానికి మాస్కు పెట్టుకొని కల్లూరు వీధుల్లో నడకకు బయలుదేరేవాడు. సామాన్యుడు కాడు, పత్తికొండ టమోటా మార్కెట్టులో మండీ వ్యాపారి. ఆయన వేలంపాట కేక వేస్తే గంపల్లో పచ్చికాయలు కూడా భయపడి ఎర్రబడేవి. అటువంటి మనిషి గుండె చెడిపోయి, మంచానికీ వాకిలికీ మధ్య మూడుసార్లు కూలబడే దశకు వచ్చాడు. తొమ్మిది నెలల కిందట వేరేవాళ్ల గుండె తీసుకొచ్చి పెట్టినారు. ఆస్పత్రికి దగ్గరగా ఉండాలని తల్లి కన్యకమ్మ, భార్య నాగశ్రీ కల్లూరులో బాడుగిల్లు చూసుకున్నారు.

గుండెతో పాటు ఆయనకు రెండో నీడ వచ్చింది. సన్నటి ఆడమనిషి నీడ, నడుము దాకా జడ. పాలు పోసే సోమక్క దాన్ని తొక్కకుండా పక్కకు జరిగి పోయేది. షేర్ ఆటోవాళ్లు "ఇద్దరికీ చోటుండాది, ఎక్కన్నా" అని పిలిచేవాళ్లు.

ఆ నీడ నడక చూడాల! గాలి కూడా దాని వెనకాల రొప్పుతా వచ్చేది.

"ఆమెతో పందెం పెట్టుకోవద్దన్నా," అనేది వ్యాయామం చేయించే జెస్సీ. "ఆయాసమొస్తే నిలబడు. ఆమే ఆగుతుందిలే."

నిజంగానే ఆగేది. వెనక్కి తిరిగి, నడుము మీద చెయ్యి పెట్టుకొని మరీ. మొదట్లో నూరడుగులకే చెమట పట్టినవాడు ఇప్పుడు మూడు కిలోమీటర్లు నడుస్తాన్నాడు. ఆ ఊపు చూస్తే ఎండాకాలంలోపు కాశీకి పోయొచ్చేటట్టున్నాడు.

ఎనిమిదికి మాత్రలు. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఎనిమిది. ఒళ్లు ఆ గుండెను పరాయిదని తరిమెయ్యకుండా కాపాడేది అవే.

ఆపరేషన్ రోజు కన్యకమ్మ ఒక మొక్కు మొక్కింది. కొడుకు బతికితే ఒంటిమిట్టకు తీసుకొస్తానని, ఆ రోజు రామయ్య దర్శనమయ్యే దాకా వాడు మంచినీళ్లు కూడా ముట్టడని. ఆ మొక్కు తీర్చే పొద్దు వచ్చింది. వాకిట్లో కారు నిలబడింది. నాగశ్రీ మాత్రలు తెచ్చింది.

"నీళ్లు తాగితే మొక్కు చెడదూ?" అని కన్యకమ్మ గ్లాసు లాగేసుకుంది.

"ఒక్క పూట కూడా తప్పగూడదని డాక్టరు చెప్పినాడు గదత్తా! దర్శనమయ్యేసరికి మధ్యాహ్నమైతాది."

"పోనీలే నాగా. ఇది చెప్పినట్టు వినే గుండె," అని వాసుదేవ్ గడప దాటినాడు.

ఆయన వెంట ఒక్క నీడే వచ్చింది. రెండు మెట్లు దిగేసరికి ఊపిరందక గోడ పట్టుకున్నాడు.

కన్యకమ్మ లోపలికి తొంగిచూసింది. గూట్లోని మాత్రల డబ్బా కింద, జడ ముందుకేసుకొని, మోకాళ్లు ముడుచుకొని కూర్చోనుండాది నీడ. ఖాళీ విస్తరి ముందు కూర్చున్న మనిషి మాదిరిగా.

"రావేమ్మా?" అంది కన్యకమ్మ. నీడ కదల్లేదు.

"మొక్కింది మీరత్తా," అంది నాగశ్రీ మెల్లగా. "ఆమె మొక్కలేదు."

కన్యకమ్మ ఇంట్లో ఏ ఆడబిడ్డా ఇంతవరకు తినకుండా గడప దాటలేదు. ముసలామె గ్లాసు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"మింగు నాయనా," అంది కొడుకుతో. "ఆడబిడ్డను పస్తు పెట్టి ఏ మొగంతో నిలబడేది రామయ్య ముందర? ఆ ఉపవాసమేదో నేనే ఉంటా."

ఆయన మాత్రలు మింగాడు. నీడ లేచి, జడ వెనక్కి విసిరి, అందరికంటే ముందు కారెక్కింది. ఆయనకు ఊపిరి తిరిగింది.

జనం పలచబడిన వేళ చూసి గుళ్లోకి పోయినారు. అయ్యవారు గోత్రం, పేర్లు అడిగినాడు. కన్యకమ్మ ఇంటిల్లిపాదివీ చెప్పి, "ఇంకొక పేరుండాది స్వామీ. మా ఆడబిడ్డ. గోత్రం మాదే," అంది.

"పేరమ్మా?"

ఆ గుండె ఎవరిదో ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. కన్యకమ్మ నల్లరాతి నేల మీద నీడ వైపు వంగి, "చెప్పు తల్లీ," అంది.

వాసుదేవ్ నోరు దానంతటదే తెరుచుకుంది.

"శివకుమారి," అన్నాడు.