పంచిపెట్టిన ప్రశ్న

కాబోయే టీచరమ్మకి తనెవరో చెప్పుకోవడం చేతకాలేదు. నవ్వకండి, ఓ కాగితం ముందేసుకుని కూర్చుంటే మీకూ తెలుస్తుంది. "నేను కాబోయే ఉపాధ్యాయినిని" అని రాసి కొట్టేసింది. "ఇన్నాళ్ళూ ఇల్లు చక్కబెట్టి, ఇప్పుడు చదువుకుంటున్నదాన్ని" అని రాసింది. అది పిల్లలకెందుకులే అని అదీ కొట్టేసింది. ఇది చాలదన్నట్టు, ఆ పరిచయం కింద సమయాన్ని ఎలా వాడుకోవాలో నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆ మంచి మాటలు వెతుక్కుంటూ ఉండగానే పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాయి. అత్తగారు గుడ్డ తీసుకుని తుడుస్తూ, టైము గురించి చెప్పబోయే పంతులమ్మ ఈవిడేనా అని గోడని అడిగారు.

శిక్షణ కాలేజీలో దీన్ని పరిచయ పాఠం అంటారు. టీచరు చదువు చదివేవాళ్ళు నిజమైన బడికి వెళ్ళి, నిజమైన పిల్లల ముందు నిలబడి, తమ గురించి చెప్పుకుని, సమయం గురించి చెప్పి, పీరియడు అయ్యేలోగా ముగించాలి. వెనక బెంచీలో కాలేజీ మాస్టారు కూర్చుంటారు. పీరియడు అయిపోయినా, పాఠం సాగతీస్తున్నారనిపించినా పెన్సిలుతో బల్ల మీద టకటకమని కొడతారు, అక్కడితో ఆపెయ్యాలి. అందుకే అందరూ ఆయన్ని పెన్సిలు మాస్టారంటారు, ఆయన దగ్గర లేనప్పుడు. మొదటిసారి ఈవిడ తన గురించి చెప్పుకోవడంలోనే తికమకపడి, పెన్సిలు మోగేసరికి సమయం ఊసు కూడా ఎత్తలేదు. ఇది రెండోసారి, ఇదే ఆఖరు. ఇదీ పోతే సర్టిఫికెట్ ఇవ్వరు, ఏడాది చదువూ నీళ్ళపాలే.

పైగా ఈసారి ఆవిడకి పడింది సాక్షాత్తూ కూతురి తరగతి. సొంతవాళ్ళున్న తరగతికి పాఠం చెప్పకూడదని నియమం. మార్చమని అడిగితే వచ్చే ఏడాదికి తోసేస్తారు. అడగకపోతే అబద్ధం. ఎటూ పాలుపోక ఆవిడ నోరు మూసుకుంది. బడికి దింపేదీ తీసుకొచ్చేదీ నాయనమ్మే కాబట్టి అక్కడ ఈవిడ మొహం ఎవరికీ తెలియదు. తరగతిలో నన్ను టీచరనే పిలవాలి, అమ్మా అన్నావో అయిపోయానే అని కూతురికి గట్టిగా చెప్పింది. ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఆ పిల్ల బుద్ధిగా తలూపింది.

ఈ టీచరు చదువులో ఇంకో రహస్యం ఉంది. రహస్యమంటే అందరికీ తెలిసిందే. తరగతి హుషారుగా కనబడాలని, ముందురోజే కొందరు పిల్లలకి ప్రశ్నలు పంచిపెడతారు. పాఠం మధ్యలో వాళ్ళు లేచి, అప్పుడే తట్టినట్టు అడుగుతారు. మాస్టార్లూ ఒకప్పుడు పంచినవాళ్ళే కనక చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మన టీచరమ్మ పంచిన ప్రశ్నల్లో ముఖ్యమైనది పిచ్చుకకి దక్కింది. ఆటకీ చదువుకీ సమయం ఎలా సర్దుకోవాలి టీచర్ అని అడగాలి. దాన్ని వంటింట్లో అడిగించింది, మెట్ల మీద అడిగించింది, పిల్ల తల దువ్వుతూ అడిగించింది.

పిచ్చుక మాత్రం ప్రశ్న అప్పజెప్పిన ప్రతిసారీ, అమ్మా నీకోటి చెప్పాలి అని మొదలుపెట్టేది. ముందు ఈ గండం గట్టెక్కనీ, తర్వాత తీరిగ్గా చెబుదువుగాని అనేది తల్లి. అంతకన్నా ఏమంటుంది పాపం, ఆవిడ బుర్ర అప్పటికే దారాల ఉండలా చిక్కుపడి ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. విచిత్రంగా పాఠం బాగానే నడిచింది. కాగితం మీద కుదరని పరిచయం నోటికి తిన్నగా వచ్చింది. బోర్డు మీద గళ్ళు గీసి, చదువుకో గడి, ఆటకో గడి, నిద్రకో గడి అని రాసి చూపించింది. కిటికీ పక్కనున్న అబ్బాయి తన ప్రశ్న తాను ఠంచనుగా అడిగేశాడు. పెన్సిలు మాస్టారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నారు. ఇక పిచ్చుక వంతు. ఈ మధ్యే పొడుగు సాగిందని వెనక వరసలోకి నెట్టిన ఆ పిల్ల లేచి నిలబడింది. ప్రశ్న అడగకుండా బోర్డు వైపే చూస్తోంది.

మర్చిపోయిందేమో అనుకుంది తల్లి. "ఆటకీ..." అని మెల్లిగా అందించింది.

"ప్రశ్న గుర్తుంది టీచర్. కానీ మీరు బోర్డు మీద రాసింది నాకు కనబడట్లేదు."

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇది ఏ ప్రశ్న, ఎవరికి పంచింది, దీనికి జవాబేమని రాసుకుంది? మాస్టారు ముందుకి వంగారు. పిల్లలకి ఇబ్బంది వస్తే కంగారుపడకుండా వివరం కనుక్కోవాలని కాలేజీలో నేర్పింది ఒక్కటే తోచింది. ఎప్పట్నుంచి అని అడిగింది. చాలా రోజులైందని, పక్కమ్మాయి పుస్తకంలో చూసి రాసుకుంటున్నానని పిచ్చుక చెప్పింది. ఆ తర్వాత టీచర్లందరూ అడిగే మాటే ఆవిడ నోట్లోంచి దానంతటది వచ్చేసింది.

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పబోయాను టీచర్. మా అమ్మకి పరీక్ష ఉంది. చాలా కష్టపడుతోంది. అదయ్యాక తీరిగ్గా చెప్పమంది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. పైగా అమ్మని వెనకేసుకొస్తున్నట్టుంది. ఆవిడకి సిగ్గు ముంచుకొచ్చింది. తర్వాత చెప్పాల్సిన పాఠం ఏమైందో ఆవిడకే తెలియదు. పిల్లని తెచ్చి మొదటి బెంచీలో కూర్చోబెట్టింది. గళ్ళన్నీ చెరిపేసి, పెద్ద పెద్ద అక్షరాలు రాసి, ఇది కనబడుతోందా, ఇది కనబడుతోందా అని అడుగుతూనే ఉంది. పెన్సిలు మోగేదాకా అదే పని.

వరండాలోకి వచ్చేసరికి, పోయిందనుకున్న పరీక్ష ఎదురొచ్చి నిలబడింది. మాస్టారి మొహం వెలిగిపోతోంది. ప్రశ్నలు పంచినవాళ్ళని చాలామందిని చూశారట, జవాబులు కూడా పంచి, ఓ చిన్నపిల్ల చేత అంత సహజంగా పలికించినవాళ్ళని మాత్రం చూడలేదట. సమయం ఎవరికివ్వాలో ఇంత బాగా చెప్పిన పాఠం తన సర్వీసులో లేదట.

"పాసయ్యారమ్మా. అందరికన్నా ఎక్కువ మార్కులు మీకే."

మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. ఆవిడా మాట్లాడకూడదనే అనుకుంది, థాంక్సండీ అనడానికే నోరు తెరిచింది.

"అది నేను నేర్పింది కాదు సార్. ఆ పిల్ల నా కూతురు. ఆ అమ్మని నేనే."

మార్కుల కాగితం మీద సంతకం చెయ్యబోతున్న మాస్టారి కలం ఆగింది. నియమం తెలుసా అని అడిగారు. తెలుసంది. ఆయన కాగితం వంక చూశారు, ఆవిడ వంక చూశారు, మళ్ళీ కాగితం వంక చూశారు. అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటారమ్మా అన్నారు, నిజంగానే తోచక. పిల్లని కళ్ళ డాక్టరుకి చూపించాలి, వెళ్ళొస్తాను సార్ అందావిడ. ఆయన ఏం రాశారో చూడకుండానే వెళ్ళి, తరగతి టీచరుకి నిజం చెప్పి, పిల్ల సంచీ భుజాన వేసుకుంది.

గేటు దాటాక పిచ్చుక చెయ్యి పట్టుకుంది. పాసయ్యావా అమ్మా, నేను చెడగొట్టానా అని అడిగింది. నువ్వు చెడగొట్టలేదు, మిగతాది నాకూ తెలీదు అంది తల్లి. రోడ్డు దాటడానికి ఆగారు. అవతలివైపు మందుల షాపు మీద, మనిషంత అక్షరాలతో బోర్డుంది. మనసు ఆగక, అదేం బోర్డో చదవమంది.

పిచ్చుక కళ్ళు చికిలించి అటూ ఇటూ చూసింది.

"ఏ బోర్డమ్మా?"