వేళ్ళు లేని వాయింపు

అద్దానికి బయట చెమట పట్టింది. సముద్రం మీది ఉక్క వచ్చి అద్దాన్ని తడుముతోంది. లోపల చలి.

ఆ చలిలో, దోహా పక్కనే లుసైల్‌లోని ఓ హోటల్ లాబీలో, పియానో మెట్టు ఒకటి కిందికి దిగింది.

మీద వేలు లేదు.

ఇంకో మెట్టు. ఇంకోటి. తెల్లవి, నల్లవి... ముందు కుర్చీ ఖాళీగా ఉండగానే దిగుతున్నాయి, లేస్తున్నాయి. కాఫీలు తాగేవాళ్ళు ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంటున్నారు.

ఆ లేని వేళ్ళు మనీషావి.

మనీషా ఓ మూల సోఫాలో కూర్చుని ఉంది. టీ కొనుక్కుని, కస్టమర్‌లా.

సికింద్రాబాద్‌లో పలకా బలపం పట్టే వయసులో మొదలైన వేళ్ళు అవి. రైల్వే క్వార్టర్స్‌లో టీచరమ్మ దగ్గర, మణికట్టు వంగినప్పుడల్లా స్కేలు దెబ్బ తిన్న వేళ్ళు. పరీక్షలు పాసయ్యాయి. కచేరీలు చేశాయి. చుట్టాల ఇళ్ళలో మాత్రం — ఏదైనా సినిమా పాట వాయించమ్మా అనిపించుకున్నాయి.

పెళ్ళయ్యాక దోహా. అల్ మన్సూరాలో చిన్న ఫ్లాట్, అందులో పియానో పట్టదు. కీబోర్డుకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, పక్కింటికి వినబడకుండా, సొంత సంగీతం రాసింది.

పేరు ‘ఉక్కపోత’.

ఆగస్టులో కిటికీ కింద ఆగే కంపెనీ బస్సులు. డ్యూటీ దిగి, అద్దాలకు తలలు ఆనించి నిద్రపోయే మనుషులు. ఆకు కదలని ఊరు. అదంతా ఎడమచేతిలో పెట్టింది. కుడిచేతికి ఒకే ఒక్క గాలి ఇచ్చింది — సన్నగా, పైన, ఒక్క స్వరమంత గాలి.

ఈ హోటల్లోనే సాయంత్రాలు వాయించే ఉద్యోగం దొరికింది. ఏళ్ళ తరబడి వాయించింది. తలెత్తి ఎవరూ చూడకపోయినా వాయించింది.

తర్వాత ఈ కొత్త పియానో వచ్చింది. ఒకసారి వాయిస్తే గుర్తు పెట్టుకుని, మనిషి లేకుండా అచ్చం అలాగే వాయించే పియానో. మేనేజర్ కృష్ణప్రసాద్ — భీమవరం వైపు మనిషి, ఎప్పుడూ నవ్వు ముఖం — మీకు వచ్చినవన్నీ ఒకసారి దీనిమీద వాయించి పెట్టండి, మీరు సెలవు పెట్టిన రోజు పనికొస్తుంది అన్నాడు. ఏదైనా కాగితం రాసుకుందామా అని అడిగితే, మనలో మనకి కాగితాలేంటండీ అన్నాడు.

మనలో మనం!

పరాయివాడైతే సంతకం అడిగి ఉండేది. మనవాడు కదా అని నమ్మింది. మనవాడు తడిగుడ్డతో గొంతు కోశాడు.

అలా దానిమీద వాయించి పెట్టిన రోజు, ‘ఉక్కపోత’లో ఒకచోట ఉంగరపు వేలు తడబడింది. ఆ గాలి రావాల్సిన చోటే. స్వరం ఆలస్యంగా పడింది. రేపు మళ్ళీ సరిగ్గా వాయిస్తానంది. అలాగేనండీ అన్నాడు.

ఆ రేపు రాలేదు. ఇక రానక్కర్లేదని ఫోన్ వచ్చింది.

పియానో సంగతి చెప్పింది నర్సింగ్. జగిత్యాల దిక్కు మనిషి, లాబీ తుడిచే పని. మన్సూరాలో కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడ్డాడు.

“మీరు పోయినంక గూడ అది మీ లెక్కనే కొడ్తున్నది మేడం. మొదలు నాకు భయమైంది. సచ్చినోళ్ళెవరో అండ్ల కూసున్నట్టు అనిపిచ్చింది.”

మనీషా చావలేదు, నర్సింగ్. బతికే ఉంది. అదే వాళ్ళకి అడ్డం.

అందుకే ఇవాళ వచ్చింది. వచ్చి చూస్తే పియానో పక్కన చిన్న తెర. దానిమీద ‘ఉక్కపోత’ అని లేదు. మనీషా అని లేదు. రిలాక్సింగ్ మ్యూజిక్ — అని ఉంది.

రిలాక్సింగ్! ఒళ్ళు హూనమై బస్సు అద్దానికి తల వాల్చినవాడి నిద్ర... మీ కాఫీలోకి రిలాక్సింగ్!

ఒళ్ళు మండిపోయింది. నేరుగా కృష్ణప్రసాద్ దగ్గరికే వెళ్ళింది.

“నా పేరు పెట్టండి. లేకపోతే చెరిపేయండి.”

అతని నవ్వు చెక్కు చెదరలేదు. “పేరు పెడితే, ఆవిడేరీ అని గెస్టులు అడుగుతారు కదండీ.”

పోనీ ఆ తప్పయినా దిద్దుకోనివ్వమంది. ఏ తప్పండీ, ఇన్నాళ్ళలో ఎవరూ అనలేదే అన్నాడు. టీ తాగి వెళ్ళండి, మా లెక్కలోనే అన్నాడు.

టీకి తన డబ్బులే ఇచ్చి, వచ్చి కూర్చుంది.

సంగీతం తీసుకున్నారు. వాయించే తీరు తీసుకున్నారు. తప్పు మనిషి సొంతం... దాన్ని కూడా తీసుకున్నారు. దిద్దుకునే హక్కు మాత్రం ఆమెకి లేదట.

ఇదిగో... ‘ఉక్కపోత’ మొదలైంది.

ఎడమచేతి బస్సులు వస్తున్నాయి. ఒకటి. వెనకే ఒకటి.

మనీషా లేచింది. నడిచింది. పియానో ముందు కుర్చీలో కూర్చుంది.

సెక్యూరిటీ మనిషి ఇటు తిరిగాడు. నర్సింగ్ తుడవడం ఆపేశాడు.

కళ్ళ ముందే మెట్లు దిగుతున్నాయి, లేస్తున్నాయి. తన వేళ్ళే. తనకే కనబడని వేళ్ళు.

తడబాటు వస్తోంది. వస్తోంది...

పియానో ఆగింది. ఆ రోజు ఆమె ఆగినట్టే.

ఆ ఖాళీలో ఉంగరపు వేలు దించింది.

సరైన వేళకి. సన్నగా, పైన, గాలి వచ్చింది.

వెనకాలే యంత్రం వచ్చింది — ఆలస్యంగా, అదే మెట్టు కోసం. మెట్టు అప్పటికే కింద ఉంది. ఆమె వేలి కింద ఉంది.

యంత్రం మోగలేదు.

మేడం, మేడం అంటూ కృష్ణప్రసాద్ పరుగులాంటి నడకతో వస్తున్నాడు. ఆ ముఖాన ఇప్పుడు నవ్వు లేదు. చుట్టూ మిగతా మెట్లు వాటంతటవే దిగుతున్నాయి. రేపు సాయంత్రం ఇది మళ్ళీ తడబడుతుంది. ఎల్లుండి కూడా.

అద్దానికి బయట చెమట కారుతోంది.

మెట్టు మీద వేలు ఉంది.

ఆమె తీయలేదు.