మంచం కింద నీళ్ళు

ఆ పూట ఇంట్లో ఉన్నది అయిదుగురు. మోకాలి నొప్పి ఎక్కువై ఆరోజు మంచం దిగని అత్తగారు, పురుగుమందుల కొట్టు నడిపే మొగుడు, ఆ కొట్లోనే సాయముండే మరిది, కడుపునొప్పని రోజూ ఏడ్చే కూతురు, పొయ్యి దగ్గర ఆమె.

ఆమె నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో సీసాలు కడుగుతుంది. ఎవరెవరి బావి నీళ్ళో అక్కడికి వచ్చేవి, తమ పెరటి బావివి తప్ప. మందు కొట్టే డబ్బాల్ని మొగుడు కడిగేది ఆ బావిగట్టు మీదే. వీధిలో సగం ఇళ్ళు తాగేదీ ఆ నీళ్ళే. పొద్దున్నే ఆమె పరీక్షకని ఆ నీళ్ళతో ఒక ముదురురంగు గాజుసీసాను గాలిబుడగ లేకుండా నింపి, ల్యాబ్ నుంచి తెచ్చిన చల్లదనం నిలిపే సంచిలో మంచుగడ్డల మధ్య దాచింది. మరిది చూడనే చూశాడు.

"ఏం వదినా, బావిక్కూడా జ్వరమొచ్చిందా?"

మొగుడు నవ్వలేదు. "సీసాలు కడిగేదానివి, కడుక్కో చాలు. మా తాత తవ్వించిన బావి అది. ఆ నీళ్ళు తాగే ఇంతవాళ్ళమయ్యాం."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే," అంది అత్తగారు. "కొట్టు మూతపడితే నీ జీతంతో బతుకుతామా?"

ఆ మాటలు కొత్తవా? ఉద్యోగం నీ సరదా అన్నారు, జీతం మాత్రం అందరూ తిన్నారు. పిల్ల కడుపు పట్టుకుంటే తల్లి పోలిక, పనిదొంగ అన్నారు. ఊరి సీసాలు కడిగొచ్చి ఇంటి గిన్నెలు తోముతూ ఆమె పళ్ళు నూరేది. మళ్ళీ తనే, నీళ్ళ సంగతి పాపం వీళ్ళకి తెలీదులే అని సర్దుకునేది.

ఆ ఇంట్లో మగవాళ్ళకి వడ్డించేది, నీళ్ళు పోసేది అత్తగారే. కోడలూ పిల్లా తర్వాత పొయ్యి పక్కన తినాలి. ఆవేళ అత్తగారి మోకాలు మొరాయించింది. ఆమే బిందెలో నీళ్ళు ముంచి గ్లాసులు పెట్టింది.

మొగుడు గ్లాసెత్తి ఆగాడు. "ఎక్కడివి?"

"బావివే. పొద్దున తోడాను."

గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. మరిది మొహం చిట్లించాడు. "అమ్మ మంచం కింద క్యాన్ ఉందిగా వదినా! మాక్కూడా ఇవే పోస్తావేంటి?"

అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె వెళ్ళి దుప్పటి అంచు ఎత్తింది. కొన్న నీళ్ళ క్యాన్, సగం అయిపోయింది.

"మగాళ్ళు ఎండన పడి తిరిగొస్తారు," అత్తగారు గోడవైపు తిరిగింది. "అందరికీ కొనాలంటే అయ్యే పనేనా?"

"మరి పిల్లకి?"

మరిది కంచం మీదికి వంగాడు. వీళ్ళకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

ఆమె సంచి భుజాన వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఆ సీసాతో గడప దాటావో, మళ్ళీ ఈ ఇంట్లో కాలు పెట్టలేవు," మొగుడు లేచాడు.

ఆమె వెనక్కి వచ్చింది. దారికొచ్చిందనుకున్నాడు. ఆమె అతను వదిలేసిన గ్లాసు తీసి అతని చేతికిచ్చింది.

"తాగండి. గుటకేస్తే సీసా ఇక్కడే పగలగొడతాను."

అతను గ్లాసు వైపు చూశాడు. తాగలేదు.

"ముందు వీధిలో వాళ్ళకి చెబుతాను, ఆ తర్వాతే ల్యాబ్‌కి," అని గడప దాటింది.

వెనకాల తలుపు ధడేలున మూసుకుంది. సంచిలో మంచు ఇంకా కరగలేదు.