తువ్వాలు అడిగిన వాన

వాన మా తలుపు తట్టి, తువ్వాలు ఉంటే ఇస్తారా అని అడుగుతుంది.

తలుపు తెరిచి చూస్తే నిలువునా తడిసి ఉంది. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి రావడంతో ఆయాసపడుతోంది కూడా. లిఫ్టు ఎక్కి రాకపోయారా అంటే, కరెంటు లేదండి, పోగొట్టింది నేనే కదండీ అంటుంది. తప్పు తనే ఒప్పుకునే అతిథి మీద కోపం ఎలా వస్తుంది? ఉరుములు విప్పి చెప్పుల స్టాండు కింద పెట్టి లోపలికి రమ్మంటాను. బుద్ధిగా విప్పి పెడుతుంది. ఎడమ ఉరుము మడమ దగ్గర బాగా అరిగిపోయి ఉంది.

అది గడప దాటగానే బయట చినుకు ఆగిపోతుంది. ఆగక ఏం చేస్తుంది, వాన మా హాల్లో ఉంది.

మాటతీరు కోస్తావాళ్ళది. బంగాళాఖాతంలో పుట్టి బందరు మీదుగా హైదరాబాదు వచ్చినట్టుంది, ప్రతి మాటకూ ఒక అండి తగిలిస్తోంది. తల తుడుచుకుంటూ టీవీని, పూలకుండీని, గోడ మీద పెళ్ళి ఫోటోని ఒక్కొక్కటిగా చూస్తుంది. లోపలి నుంచి ఇల్లు చూడడం దానికి ఇదే మొదటిసారి.

“నేను వచ్చానంటే చాలు, ఊరంతా కిటికీలు మూసేసుకుంటారండి,” అంటుంది. “మూసిన కిటికీల వెనకాల ఏవో ఆటలు, నవ్వులు. లోపల ఏం చేస్తారో చూసిపోదామని వచ్చానండి.”

సరేనని సోఫా చూపిస్తాను. వాన వల్ల మా ఆఫీసుకు సెలవు ఇచ్చారు కాబట్టి నాకు తీరికే. నా భార్య సుజనకు మాత్రం సెలవు లేదు. ఆమె ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. జబ్బులు సెలవు తీసుకోవు గనక ఆమెకూ ఇవ్వరు.

ఫోను మోగుతుంది. సుజనే. రైలు వంతెన కింద బస్సు ఆగిపోయిందట. బస్సులో జనం కిటికీలు మూసుకుని అంత్యాక్షరి మొదలుపెట్టారట. ఇంటికి నడిచి వద్దామని తను దిగితే నీళ్ళు మోకాళ్ళు దాటాయి, ఇప్పుడు డివైడర్ ఎక్కి నిలబడి ఉంది. వాన ఆగింది గానీ నీళ్ళు ఆగలేదని చెబుతుంది. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. భయం వేసినప్పుడే సుజన గొంతు అంత మామూలుగా ఉంటుంది.

నేను వాన కాళ్ళ వైపు చూస్తాను. సోఫాలో వెనక్కి వాలి, కాళ్ళు బారజాపుకుని ఉంది. ఆ కాళ్ళు హాలు దాటి, తలుపు కింది సందులోంచి మెట్లు దిగి, వీధి దాటి, చౌరస్తా దాటి వెళ్ళిపోయాయి. పాదాలు ఎక్కడున్నాయో నాకు అర్థమవుతుంది.

“కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోండి,” అంటాను.

వాన బాసింపట్టు వేసుకుంటుంది. ఫోనులో సుజన ఊపిరి వదలడం వినిపిస్తుంది. “తగ్గుతున్నయయ్యా,” అంటుంది. “నేను నడుస్త.”

వానతో దాపరికం ఎందుకని ఉన్నమాట చెప్పేస్తాను. ఆ నీళ్ళలో ఉన్నది మా ఆవిడ, ఆమె ఇల్లు చేరేదాకా ఇలాగే కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి అంటాను. వాన మొహం చిన్నబోతుంది. తనకూ కూర్చోవాలనే ఉందట. కానీ ఒక్కచోట కూర్చోవడం అలవాటు లేదట, విసుగు పుట్టిందంటే కాళ్ళు తన మాట వినవట.  ఇంటికి వచ్చినవాళ్ళకు విసుగు పుట్టకుండా చూసుకోవడం ఇంటివాడి పనే కాబట్టి వంటింట్లోకి వెళ్ళి శనగపిండి కలుపుతాను.

మిరపకాయ బజ్జీల పళ్ళెం ముందు పెట్టినా వాన ముట్టుకోదు.

“నేనొస్తే ఇంటింటా ఇవే వేస్తారండి. వాసన కిటికీ దాకా వస్తుంది. నువ్వూ ఒకటి తిను అని ఒక్కళ్ళూ అనలేదండి.”

నిజమే. దాని పేరు చెప్పుకుని ఇన్నేళ్ళు నేను తిన్న బజ్జీలు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇంకో వాయి వేస్తానని చెబుతాను. వాన ఒకటి నోట్లో పెట్టుకుంటుంది, కారం నషాళానికి అంటి, కిటికీ అద్దాలకు లోపలివైపున చెమట పడుతుంది. బాగుందండి అంటుంది. అంతగా బాగుందని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

వాసనకు అపార్ట్‌మెంటు కదులుతుంది. కరెంటు లేక ఉసూరుమంటున్న వాళ్ళంతా తలుపులు తెరుచుకుని వస్తారు. మనిషి వచ్చినకొద్దీ మా హాలు ఒక్కో జంపఖానా పొడవు సాగుతుంది, కాబట్టి ఎవరికీ ఇరుకు లేదు. విషయం చెబితే ఎవరూ ప్రశ్నలు వెయ్యరు. సుజన వచ్చేదాకా కూర్చోబెట్టాలి, అంతే కదా అని ఎదురింటివాళ్ళు క్యారమ్ బోర్డు తెస్తారు.

క్యారమ్ సాగదు. వాన వేలు తగలగానే బోర్డు మీది పౌడరు దోసెపిండి అవుతుంది, కాయలు అందులో కూరుకుపోతాయి. ఎవరో దాగుడుమూతలు అంటారు. నేను వద్దనేలోపు వాన లేచి పరదా వెనక నక్కుతుంది. ఆ క్షణమే ఫోను మోగుతుంది.

“చౌరస్తాల ఉన్న,” అంటుంది సుజన. “నడుం దాంక వచ్చినయి.”

పరదా కింద మడుగు కడుతోంది. చెయ్యి పట్టుకుని లాగి, దొరికిపోయారు, ఇక కూర్చోండి అంటాను. వాన గబగబా కాళ్ళు ముడుచుకుంటుంది. చౌరస్తాలో నీళ్ళు మళ్ళీ చీలమండలకు దిగుతాయి.  వాన క్షమించమంటుంది, ఆట అనేసరికి మరిచిపోయానండి అంటుంది.

కూర్చుని ఆడేవే ఆడదామని తీర్మానిస్తాం. పాత పేపర్లు తెచ్చి కాగితం పడవలు చేయడం నేర్పిస్తాను. వాన మొదటి పడవ సరిగ్గా మడవలేకపోతుంది, రెండోది కుదురుతుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఇన్నాళ్ళూ వీటిని కింది నుంచే మోశానండి, పైన ఎలా ఉంటాయో తెలీదు అంటుంది. ఇంట్లో ఉన్న పేపర్లన్నీ పడవలైపోతాయి. ఆ తర్వాత వాన కుడికాలి బొటనవేలు మెల్లగా కదలడం మొదలుపెడుతుంది.

అప్పుడు పైఅంతస్తు ఈశ్వరమ్మ పెద్దమ్మ గవ్వలు పట్టుకుని వస్తుంది. సుద్దముక్కతో నేల మీద అష్టాచెమ్మ గళ్ళు గీస్తుంది. వాన కళ్ళు పెద్దవవుతాయి, బొటనవేలు ఆగిపోతుంది. ఆ ముసలామె మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి వచ్చినందుకు ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది. పెడతాను. ముందు ఆడు బిడ్డా అంటుంది.

వానకు కాయలుగా నాలుగు వడగళ్ళు ఉన్నాయి, జేబులోంచి తీస్తుంది. నాకు సుజన పాత గాజుల ముక్కలు ఉన్నాయి, మూడు ఎర్రవి, ఒకటి ఆకుపచ్చది. ఆకుపచ్చ గాజులే ఈ పొద్దున ఆమె వేసుకు వెళ్ళింది. పెద్దమ్మ వానకు ఆట చెబుతుంది. కాయలు బయటి గళ్ళ చుట్టూ తిరిగి, లోపలి గళ్ళలోకి దిగి, నట్టనడుమకు చేరితే పండినట్టు. అడ్డగీతలు కొట్టిన గడిలో ఉన్న కాయను ఎవరూ కొట్టరాదు. మిగతా గళ్ళలో ఎదుటివాళ్ళ కాయ దొరికితే కొట్టవచ్చు.

“ఇంకొక్క ముచ్చట బిడ్డా,” అంటుంది పెద్దమ్మ. “ఒక్క కాయనన్న కొట్టినోళ్ళే లోపటికి పోవాలె. కొట్టకుంటే బయట్నే తిరుగుతవ్.”

వాన తల ఊపుతుంది. ఆ నియమం దానికి ముందే తెలిసినట్టు ఊపుతుంది.

ఆకుపచ్చ ముక్క అడ్డగీతల గడిలో ఆగగానే సుజన ఫోను చేసి, టీకొట్టు రేకు కింద నిలబడ్డానని చెబుతుంది. ముక్కను ముందుకు జరిపితే రోడ్డు మీదికి వచ్చానంటుంది. ఇక ఫోను పెట్టేయవద్దంటాను. స్పీకరు పెట్టి గళ్ళ పక్కనే ఉంచుతాను. ఆమె అడుగుల చప్పుడు హాలంతా వినిపిస్తుంది.

ఒక పందెంలో నా ఎర్ర ముక్క వాన కాయను కొడుతుంది. అతిథి కాయను కొట్టినందుకు నొచ్చుకుంటాను. వాన మాత్రం పగలబడి నవ్వుతుంది, బయట చెప్పుల స్టాండు కింద ఉరుములు కూడా నవ్వుతాయి. తనను ఇంతవరకు ఎవరూ కొట్టలేదట. ఎంత హాయిగా ఉందో అంటుంది. ఇప్పుడు లోపలికి దిగే హక్కు నాకు ఉంది, వానకు లేదు.

ఆకుపచ్చ ముక్క బయటి గళ్ళలో చివరిదానికి చేరుతుంది. ఆ గడికి అడ్డగీతలు లేవు. ఫోనులో నీళ్ళ హోరు వినిపిస్తుంది. మా వీధి మొదట్లో ఉన్న కల్వర్టు అది, దాని పక్కన మూతలేని మ్యాన్‌హోలు ఉంది. వాన పందెం. గవ్వలు వేస్తుంది. మూడు పడుతుంది. దాని వడగల్లు నా ఆకుపచ్చ ముక్కకు సరిగ్గా మూడు గళ్ళ వెనక ఉంది.

హాల్లో ఎవరూ కదలరు.  ఈ ఇంట్లోకి ఆమె మళ్ళీ రావాలి, నాకు ఇంకేమీ వద్దు.

వాన వడగల్లు మీద వేలు పెట్టి పెద్దమ్మ వైపు తిరుగుతుంది. “ఈ ఊరు వచ్చిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని తీసుకునే వెళ్ళానండి,” అంటుంది. “ఆటలో అది తప్పనిసరి అనుకున్నాను. కొట్టకపోతే తప్పా?”

“తప్పేం లేదు బిడ్డా. నీ ఇష్టం. గని లోపటికి మాత్రం పోలేవు.”

వాన గోడ మీది పెళ్ళి ఫోటో చూస్తుంది. ఖాళీ పళ్ళెం చూస్తుంది.

“నాకు బజ్జీలు పెట్టిన ఇల్లండి ఇది,” అని, వేలు తీసి, దూరంగా ఉన్న ఇంకో వడగల్లును మూడు గళ్ళు జరుపుతుంది.

నేను గవ్వలు వేస్తాను. అష్టా పడుతుంది, ఎనిమిది గళ్ళు, పైగా ఇంకో పందెం. దాని మీద పడ్డ రెండో పందెంతో ఆకుపచ్చ ముక్క లోపలి గళ్ళన్నీ దాటి నట్టనడుమ పండుతుంది. తలుపు చప్పుడవుతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని సుజన గుమ్మంలో నిలబడి ఉంది, నడుం పైన ఎక్కడా తడిలేదు. ఎవరు చూస్తున్నారన్నది ఆలోచించకుండా ఆమెను వాటేసుకుంటాను. మా హాల్లో అపార్ట్‌మెంటంతా ఉంది కాబట్టి అందరూ చూస్తారు. చూడనీ.

వాన లేచి నిలబడుతుంది. ఈసారి ఎవరూ ఆపరు. ఆటంటే ఆటే కదండీ, నేనిక బయటే తిరుగుతాను అంటుంది.   మళ్ళీ రండి అంటాను. ఈ ఊళ్ళో ఆ మాట వానతో ఎవరూ అని ఉండరు. అది తల వంచుకుని, ఉరుములు తొడుక్కుని, పెద్దమ్మ పొట్లం కట్టి ఇచ్చిన బజ్జీలు పట్టుకుని మెట్లు దిగుతుంది.

కిటికీలోంచి చూస్తే వాన మళ్ళీ కురుస్తోంది. ప్రతి ఇంటి చుట్టూ ఒక గడి వెడల్పున తిరుగుతూ కురుస్తోంది, ఏ గుమ్మాన్నీ తాకడం లేదు. ఎదురు అపార్ట్‌మెంటులో ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులోంచి ఒక చెయ్యి బజ్జీ పట్టుకుని బయటికి వస్తుంది. తర్వాత ఇంకో కిటికీ. ఊరి చివరి దాకా కిటికీలు తెరుచుకుంటూ పోతాయి, ప్రతి చేతిలో ఒక బజ్జీ ఉంది, వాన ఒక్కో దాని దగ్గరా ఆగి తింటోంది.

ఫోనులో అంతా విన్న సుజన సోఫా మీద ఉన్న తువ్వాలు తీసి చూస్తుంది.

“తల తుడుసుకున్నది గని కాళ్ళు మర్సింది,” అంటుంది. “వంతెన కాడ ఇంక తడిగనే ఉంటయి. పాపం, నేను నడిసినంతసేపు ముడుసుకునే ఉన్నయయ్యా.”

తువ్వాలు పట్టుకుని కిటికీలోంచి చెయ్యి చాపుతాను. హాలు సాగినట్టే చెయ్యి సాగుతుంది. కల్వర్టు దాటి, టీకొట్టు రేకు దాటి, చౌరస్తా దాటి రైలు వంతెన కిందికి వెళుతుంది. అక్కడ వాన పాదాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని ఉన్నాయి. చిన్నవి, పసిపిల్ల పాదాలంత ఉన్నాయి. సుజన నా భుజం పట్టుకుని, వేళ్ళ సందుల్లో కూడా తుడవమంటుంది. తుడుస్తాను. బొటనవేలి సందులో ఆగిపోయిన బస్సు తగులుతుంది. దాన్ని రెండు వేళ్ళతో బయటికి తీసి, నాలుగు పక్కలా తడి ఒత్తి, పొడి రోడ్డు మీద పెడతాను. లోపల జనం కిటికీలు మూసుకుని ఇంకా అంత్యాక్షరి పాడుతూనే ఉన్నారు.