జైసల్మేరుకు వెళ్ళిన గ్రైండరు

చిలకలగూడ సీనియర్ సిటిజన్ల సంఘం జైసల్మేరు యాత్రకు బయల్దేరినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో ముందుగా రైలెక్కింది గ్రైండరు. దాని వెనక బియ్యం, మినప్పప్పు, ఇడ్లీ పాత్రలు, వంటమనిషి కిషన్. ఆ తర్వాతే మనుషులు. ఎడారిలో కోటలుంటాయి, చెక్కిన మేడలుంటాయి గానీ ఇడ్లీ దొరకదని సంఘం కార్యదర్శి పురుషోత్తం గారికి ఎవరో చెప్పారు. రిటైరయ్యేదాకా ఫైళ్ళ మీద సంతకాలు పెట్టిన మనిషి ఆయన. దేశం చూడడమంటే, మన వంట ఏ ఊళ్ళో ఎట్లా కుదిరిందో చూసి రావడమే ఆయన లెక్కలో.

యాత్రకొచ్చిన ముప్పై నలుగురిలో బ్రహ్మచారి అనే వడ్రంగి ఒక్కడే వేరే పని మీద వచ్చాడు. రెజిమెంటల్ బజార్‌లో అతనిది దర్వాజాలు చెక్కే దుకాణం. కట్టె డిపో వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన క్యాలెండరులో ఒక హవేలీ బొమ్మ ఉండేది. పసుపు రాతి బాల్కనీ, దాని అంచున సన్నటి పూల వరస. ఆ వరస మూల దగ్గర ఎట్లా తిరిగిందో మాత్రం బొమ్మలో కనబడదు. పువ్వు సగంలో తెగకుండా మూల తిప్పడం ఎంత కష్టమో చెక్కేవాడికే తెలుసు. ఆ మూలను ఒక్కసారి కళ్ళారా చూడాలని అతని ఆశ. చూపు ఏడాదికేడాది మందగిస్తోంది. ఇప్పుడు చూడకపోతే ఇక చూడలేడు.

కాజీపేట దాటేలోపే బోగీలో వడ్రంగి ఉన్నాడని అందరికీ తెలిసిపోయింది. అంతే, సూట్‌కేసు చక్రం ఊడితే చారి, కళ్ళజోడు కాడ విరిగితే చారి. పురుషోత్తం గారి భార్య కల్పలత గారి ఫోను ఛార్జింగు ఎక్కకపోయినా చారే. పైసా ఖర్చు లేని చెయ్యి దొరికితే ఎవరు వదులుతారు? కాదనడం అతనికీ చేతకాదు.

జైసల్మేరులో మొదటి రోజు కోట. లిఫ్టు లేదని సగం మంది కిందే కూర్చున్నారు. ఎక్కినవాళ్ళు పప్పుచారు చల్లారిపోతుందని గబగబా దిగొచ్చారు. రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి హవేలీ, మధ్యాహ్నం తిరుగు రైలు.

ఆ పొద్దున ఎనిమిదింటికి, సత్రం వంటగదిలో గ్రైండరు గుర్రుమని ఆగిపోయింది.

"చారీ, జెర చూడరాదు," అన్నారు పురుషోత్తం. "రేపటికి రైల్ల ఇడ్లీలు కావాలె. నువ్వు బాగుచేస్తుండు, మేం హవేలీ చూసొస్తం."

"సారూ, నేను గా హవేలీ కోసమే వచ్చిన."

"పరేషాన్ ఎందుకయ్యా? ఫొటోలు తీసుకొస్తం గదా, నీకు చూపిస్తం."

అలవాటైన చెయ్యి, అతన్ని అడక్కుండానే స్క్రూలు విప్పింది. నాలుగో స్క్రూ ఊడేసరికి బయట బస్సు హారన్ కొట్టింది. నలభై ఏళ్ళ ఆశ ఒక పప్పు రుబ్బే డబ్బా కింద పడి నలిగిపోతోందని బ్రహ్మచారికి ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే కోపమూ వచ్చింది. బయటికి పరుగెత్తుకెళ్ళి, ఆ నాలుగు స్క్రూలూ పురుషోత్తం గారి అరచేతిలో పోశాడు.

"నేను సుత టికెట్టు కొన్న సారూ," అని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

బస్సులో ఎవరూ అతనితో మాట్లాడలేదు. హవేలీ చేరాక అందరూ దానికి వీపు తిప్పి ఫొటోలు దిగారు. ఆ తర్వాత నీడలో చేరి, ఇడ్లీ లేనప్పుడు ఉప్మానా, అటుకులా అని గంటన్నర చర్చించారు. అంత చల్లని నీడ ఇస్తున్న బాల్కనీని తలెత్తి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు.

బ్రహ్మచారి చూశాడు. మెడ నొప్పెట్టేదాకా చూశాడు. పువ్వు తర్వాత పువ్వు, ఒక్కోదానికి ఎనిమిది రేకులు. వేలు గాలిలో ఆడిస్తూ మూలదాకా లెక్కపెట్టుకుంటూ వెళ్ళి టక్కున ఆగాడు. మూల పువ్వుకు ఏడే రేకులు! చోటు చాలక, ఎనిమిదో రేకు ఉండాల్సిన చోట చిన్న ఆకు ఒకటి వంచి కప్పేశాడు, ఆ పేరు తెలియని శిల్పి. ఆ దొంగతనం బ్రహ్మచారికి బాగా తెలుసు. సికింద్రాబాద్‌లో ఎన్ని దర్వాజాల మీద తను చేయలేదు!

"దొరికినవ్ కొడుకా," అన్నాడు పైకే. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. తనవాడెవరో ఇన్నాళ్ళకు కలిసినంత సంతోషం.

పురుషోత్తం గారు వచ్చి పక్కన నిలబడ్డారు. "ముప్పై మంది ఇడ్లీలు చెడగొట్టినవ్. అన్ని పూలు ఒక్కతీరే ఉన్నయి, ఏం చూసినవయ్యా గింతసేపు?"

ఆ సంతోషంలో బ్రహ్మచారి ఒళ్ళు మరిచి చెప్పేశాడు. పురుషోత్తం గారు కళ్ళు చికిలించి చూశారు. ఆయనకు ఆకూ కనబడలేదు, తగ్గిన రేకూ కనబడలేదు. అయినా కార్యదర్శి గారు కదా, ముఖం గంభీరమైంది.

"తప్పుంటే ఊకుంటరా? గైడుకు చెప్తా. రాతపూర్వకంగ ఇద్దాం," అని కదలబోయారు.

బ్రహ్మచారి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సారూ, మీకు దండం పెడుత. రెండొందల ఏండ్ల సంది దాచుకున్నడు. ఆయన్ను పట్టియ్యకుండ్రి."

"ఎవరయ్యా?" అంటూ పురుషోత్తం గారు చుట్టూ వెతికారు. "మన బ్యాచేనా?"