మూడు పూటల బేరం

టీవీలో కిందికి దిగే ఎర్ర బాణం కనబడితే చాలు, మా బాపు ముఖం వెలిగిపోతుంది. పైకి ఎగిరే పచ్చ బాణం కనబడితే ఆ పూట అన్నం సగమే తింటాడు. ఆ బాణాలు ఇళ్ల ధరలవి. ఇల్లు కొనాలనుకునేవాడు ధరలు తగ్గాలని కోరుకోవడంలో తప్పు లేదు. కానీ మా బాపు కోరుకుంటూ కూర్చున్నాడు, అక్కడే నాకు ఒళ్లు మండేది.

ఫలక్‌నుమాలో మేం బర్రెలు కట్టేసుకునే కొట్టం మాది కాదు. మా తాత కిరాయికి తీసుకున్న జాగా. దాని యజమాని పోయాక కొడుకులు అక్కడ అంతస్తులు లేపాలనుకున్నారు. మంచివాళ్లే, మర్యాదగానే చెప్పారు. దసరా లోపల ఖాళీ చేయాలన్నారు. అప్పటికి పెరడున్న ఇల్లు దొరక్కపోతే నాలుగు బర్రెలనూ అమ్మేయాలి. బాపు ఏ అపార్ట్‌మెంటులోనో వాచ్‌మన్‌గా కుదురుకుంటాడు, అది పెద్ద కష్టం కాదు. మా అమ్మ బాలమ్మ సంగతే నన్ను తినేసేది. పెళ్లయి వచ్చిన మర్నాటి నుంచి పొదుగు కడగడంతోనే ఆమెకు తెల్లవారుతుంది.

"బర్రెలు పోతే నేను పొద్దుగాల లేసి ఏం జెయ్యాలె అమలా?" అని ఒకరోజు అడిగింది. నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పోనీ ఇల్లు లేదా అంటే, ఉంది. నేను సంతోష్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేస్తాను. అక్కడికి వచ్చే స్వీటీ అక్క మాటల్లో చెప్పింది, జల్‌పల్లిలో వాళ్ల అమ్మానాన్నల ఇల్లు అమ్మకానికి పెట్టారని. ఆమె నాన్న ఇస్సాకు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తల్లి నాగమణమ్మకు మనవణ్ని విడిచి ఉండబుద్ధి కాదు. ఇల్లు అమ్మి కూతురింటికి దగ్గరగా వచ్చేద్దామని వాళ్ల ఆశ. సామాన్లు సగం అప్పటికే కూతురింటికి చేర్చేశారు కూడా. రెండు గదులు, ముందు రేకుల వసారా, వెనక వేపచెట్టు నీడలో నాలుగు బర్రెలకు సరిపడా పెరడు, బోరు. మాకోసమే కట్టినట్టుంది.

బాపు వెళ్లి చూశాడు. నచ్చింది. ధర అడిగి, అలవాటు ప్రకారం మూతి విరిచాడు.

"మస్తు చెప్తున్నవ్ ఇస్సాకన్నా. ధరలు పడిపోతున్నయని టీవీల రోజు మొత్తుకుంటుండ్రు."

"నేను గూడ రోజూ పేపర్ సద్వుత ఎల్లయ్య భాయ్. పెరుగుతున్నయని రాస్తుండ్రు."

అంతే, ఇద్దరూ టీ తాగి విడిపోయారు. ఆ తర్వాత వారం కూడా అదే టీ, అదే మాట. బాపు ఇంకొంచెం తగ్గేదాకా ఆగుదామని, ఇస్సాకు పెద్దనాన్న ఇంకొంచెం పెరిగేదాకా ఆగుదామని. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోరు, కసురుకోరు. ఆగుతారు. దసరా మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా.

ఒక ఆదివారం ఓపిక నశించి, అమ్మను వెంటబెట్టుకుని నేనూ వెళ్లాను. వాళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. నాగమణమ్మ ఇంకా తెల్ల చీరలోనే ఉంది. బాపు కూర్చుంటూనే చంకలోంచి పేపరు తీసి బల్ల మీద పరిచాడు.

"మొదటి పేజీనే, సూడు. ఇండ్ల ధరలు ఢమాల్!"

ఇస్సాకు పెద్దనాన్న లోపలికి వెళ్లి తన పేపరు తెచ్చాడు. "లోపటి పేజీ సూడు. దక్షిణ హైదరాబాద్ భూములకు రెక్కలు!"

రెండూ ఒకటే పేపరు. ఒకటే రోజుది. నేను రెండు వార్తలూ చివరిదాకా చదివాను. మా ఇంట్లో వార్తను చివరిదాకా చదివే రోగం నా ఒక్కదానికే ఉంది.

"బాపు, ధర తగ్గిందని దీంట్ల ఒక్క ముక్క లేదు. పోయినేడు కన్నా తక్కువ ఫ్లాట్లు అమ్ముడుపోయినయంట. అది గూడ ఊరికి అటు దిక్కు, గా అద్దాల బిల్డింగులల్ల. పైన పేరేమో ఢమాల్ అని పెట్టిండ్రు. పెద్దనాయినా, మీది అసలు వార్తనే గాదు. కింద బిల్డర్ ఫోన్ నంబర్ ఉన్నది సూడుండ్రి."

అంతదాకా ఏ మాట మీదా కలవని ఇద్దరూ అప్పుడు కలిశారు.

"పేపర్ల అచ్చయినంక అబద్ధం ఎట్లయితది బిడ్డా?" అన్నాడు ఇస్సాకు పెద్దనాన్న.

"గంతే గద! ఈమెకు అన్ని తెల్సు," అన్నాడు బాపు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అమ్మ మాత్రం ఆ లొల్లి వినడమే లేదు. పెరట్లోకి వెళ్లి బోరు స్విచ్చి వేసి, నీళ్లు దోసిట్లో పట్టి రుచి చూసి వచ్చింది.

"ఏందయ్యా, సంతల బర్రెను పొదుగు సూసి గొంటవా?" అని బాపును అడిగింది.

"పిచ్చోన్నా? మూడు పూటలు పిండి సూస్త."

మాలో అదే పద్ధతి. అమ్మేవాడు ఒక పూట పాలు పిండకుండా ఆపితే పొదుగు నిండుగా కనబడుతుంది, చూసినవాడు మోసపోతాడు. అందుకని కొనేవాళ్లు అక్కడే ఉండి, అమ్మేవాళ్లింట్లోనే తిని, మూడు పూటలూ తమ చేతులతో పిండుకుని, అప్పుడు ధర మాట్లాడతారు.

"మరి ఇల్లును టీవీల సూసి గొంటవా?" అంది అమ్మ. "చుక్కమ్మను దెచ్చి ఈడ కట్టేద్దం. నీళ్లు సాలుతయా, బర్రె ఒప్పుకుంటదా, పాలు వొయ్యనీకె మంది ఉన్నరా, మూడు పూటలు సూద్దం. గప్పుడు మాట్లాడుండ్రి మీరిద్దరు."

నాగమణమ్మ పకపకా నవ్వింది. "తోల్కరా వదినె. ఇంట్ల లొల్లి కన్నా బర్రె నయం."

మర్నాడు సాయంత్రం చుక్కమ్మ ట్రాలీ ఆటో ఎక్కి జల్‌పల్లి వచ్చింది. నొసటి మీద తెల్లటి చుక్క ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరు. మా నాలుగు బర్రెల్లో అదే పెద్దది, అదే మొండిది. తోడుగా బాపు తన ఎర్ర గళ్ల తువ్వాల గోడ మీద ఆరేసి వెళ్లాడు. తన వాసన తెలిస్తే అది బెదరదట. మిగతా మూడింటిని చూసుకోవడానికి బాపు ఫలక్‌నుమాకు పోగా, అమ్మా నేనూ అక్కడే ఉండిపోయాం.

మొదటి పూట చుక్కమ్మ పాలు చేపనే లేదు. అమ్మ ఎంత బతిమాలినా సగం కూడా ఇవ్వలేదు. ఫోన్‌లో ఆ మాట విని బాపు, "నేను జెప్పలే? జాగా మంచిగ లేదు. ఆగుదం," అన్నాడు. ఆయనకు ఆగడానికి ఏదో ఒక సాకు కావాలి.

"కొత్త కోడలు మొదటి రోజు అన్నం కడుపునిండ తింటదా? ఊకో," అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

పొద్దున చుక్కమ్మ మెత్తబడింది. వేపచెట్టు కింద పడుకుని నెమరు వేస్తూ, ఈ ఇంటికి తనే యజమాని అన్నట్టు చూసింది. పాలు బాగానే ఇచ్చింది. అమ్మ క్యాన్ ఎత్తేసరికి గేటు దగ్గర ఒకామె గిన్నెతో నిలబడి ఉంది. వెనకాల ఇంకో ఇద్దరు. ఆ కాలనీలో అన్నీ ప్యాకెట్ పాలేనట. కళ్ల ముందు పిండిన పాలు చూసి ఎన్నాళ్లయిందో అంటూ నాగమణమ్మతో కబుర్లు పెట్టుకున్నారు. క్యాన్ ఖాళీ అయింది. అమ్మ ముఖంలో అంత సంతోషం నేను ఈ మధ్య చూడలేదు.

ఇంతలో ఒక కుర్రాడు మైకు పట్టుకుని వచ్చాడు, వెనక ఇంకొకడు ఫోన్‌తో. యూట్యూబ్ చానెల్ అట. "ఇల్లు అమ్మకానికి పెట్టిండ్రా అమ్మా?" అని అడిగాడు. అవునంది అమ్మ. "ఎవలన్న కొన్నరా?" ఇంకా లేదంది. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పింది పాపం. వాళ్లు చుక్కమ్మను నాలుగు వైపుల నుంచీ వీడియో తీసుకుని వెళ్లిపోయారు. నేనూ పెద్దగా పట్టించుకోకుండా దుకాణానికి వెళ్లిపోయాను.

సాయంత్రం మూడో పూట పిండే వేళకు తిరిగి వచ్చాను. అమ్మ పొదుగు కడుగుతోంది. అప్పుడు బండి మీంచి బాపు దిగాడు, చేతిలో ఫోను, ముఖం మతాబులా వెలుగుతోంది.

"సూడుండ్రి, సూడుండ్రి! ఇగ ఇస్సాకన్న ఏమంటడో సూస్త!"

ఫోన్‌లో ఒక గొంతు గుండెలు బాదుకుంటోంది. కొనే దిక్కులేక పశువుల కొట్టాలవుతున్న ఇళ్లు! జల్‌పల్లిలో కుప్పకూలిన రియల్ ఎస్టేట్! తెర నిండా ఓ బర్రె తల, దాని నొసటి మీదుగా కిందికి దిగుతున్న లావుపాటి ఎర్ర బాణం. బాపు బాణాన్నే చూస్తున్నాడు. నేను బర్రెను చూస్తున్నాను.

"బాపు, బాణం పోయేదాక ఆగు," అన్నాను.

బాణం పోయింది. నొసటి మీద తెల్లటి చుక్క తేలింది. వెనక గోడ మీద ఎర్ర గళ్ల తువ్వాల రెపరెపలాడుతోంది. బాపు ఫోను దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తల ఎత్తి, ఎదురుగా నెమరు వేస్తున్న చుక్కమ్మను చూశాడు. గోడ మీది తువ్వాలను చూశాడు.

"గిది... గిది మనదే గదనే!" అన్నాడు నీరసంగా. మెల్లగా అక్కడే వేపచెట్టు మొదట్లో కూలబడ్డాడు.

అదే సమయానికి గేటు తీసుకుని ఇస్సాకు పెద్దనాన్న వచ్చాడు. పొద్దుటి నుంచి కూతురింట్లో ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఆయన చేతిలోనూ ఫోనే. చిన్న తెరలో, భయంలో ఆయనకు బాణమే కనబడిందిగానీ బర్రె కనబడలేదు.

"నువ్వు చెప్పిందే నిజమైంది ఎల్లయ్య భాయ్. నీ ధరకే తీస్కో. ఇంక తగ్గించుమన్నా తగ్గిస్త. నాతోని గాదు ఈ టెన్షన్," అన్నాడు. వెనక తలుపు దగ్గర నాగమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఇన్నాళ్లూ బాపు ఎదురుచూసిన మాట ఇదే. ఇప్పుడు ఊ అంటే చాలు, ఇల్లు చవగ్గా మాదవుతుంది, అమ్మ బర్రెలు అమ్మదగ్గరే ఉంటాయి. కానీ ఆ ఊ అన్నాక ఈ ఇంట్లో అన్నం ఎలా దిగుతుంది? నేను నోరు తెరవబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. ఆమె బాపును చూస్తోంది.

బాపు లేచి ఇస్సాకు పెద్దనాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ జెయ్యకన్నా. గా బర్రె నాదే. నీ ఇల్లు కొనేటోడు లేక ఈడ కట్టలే, కొననీకె కట్టిన. సూడు, గది చుక్కమ్మ. గది నా తువ్వాల. నీ ఇంటికి ఏం గాలే. పొద్దున ఎట్లుండెనో ఇప్పుడు గూడ గట్లనే ఉన్నది."

ఇస్సాకు పెద్దనాన్న వీడియో మళ్లీ మొదటి నుంచి చూశాడు. చుక్క తేలేసరికి ఆయన పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆఖరికి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. బాపూ నవ్వాడు. నేనైతే మా బాపును చూసి ఏడ్చేశాను. ఆయన్ని అన్నాళ్లూ విసుక్కున్నానే గానీ, అంత ఇష్టంగా ఎప్పుడూ చూసుకోలేదు.

మూడో పూట చుక్కమ్మ క్యాన్ అంచుదాకా ఇచ్చింది. ఇక ధర మాట్లాడాలి. బాపు గోడ మీది తువ్వాల తీశాడు. సంతలో బర్రెల బేరం నోటితో చేయరు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని చేస్తారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా. కానీ ఇస్సాకు పెద్దనాన్నకు ఆ వేళ్ల లెక్క రాదు.

"నాకొస్తది. మా నాయిన మేకల బేరం జేసెటోడు," అంది నాగమణమ్మ ముందుకొచ్చి. బాపు సిగ్గుపడి వెనక్కి తగ్గాడు, పరాయి ఆడమనిషి చెయ్యి ఎలా పట్టుకుంటాడు? అమ్మ ఆయన చేతిలోంచి తువ్వాల లాక్కుంది.

"దా వదినె. వీళ్లతోని అయ్యేది గాదు."

ఇద్దరూ వసారాలో ఎదురెదురుగా కూర్చున్నారు. తువ్వాల కింద చేతులు కదిలాయి. అమ్మ తల అడ్డంగా ఊపింది. నాగమణమ్మ కళ్లు చిట్లించింది. మళ్లీ కదిలాయి. పక్కన ఇద్దరు మొగవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కాసేపటికి నాగమణమ్మ నవ్వి, అమ్మ చేతిని తువ్వాలతో సహా రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకుంది.

"ఎంతకు?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఇద్దరికి నష్టం లేనంతకు," అంది అమ్మ. కాగితాల మీద రాసుకునేదాకా నాకు కూడా చెప్పలేదు.

దసరాకు ముందే మా నాలుగు బర్రెలూ వేపచెట్టు కిందికి చేరాయి. ఇప్పటికీ పొద్దున బాపు టీవీ పెడతాడు, అది మానలేదు. మొన్న పచ్చ బాణం పైకెగిరింది.

"సూసినవా! మనం గొన్నంక పెరిగినయి!" అని అరిచాడు.

అమ్మ క్యాన్‌తో గుమ్మంలో ఆగింది. "అమ్ముతవా?"

"ఛ! ఎందుకమ్ముత?"

"మరి పెరిగితే నీకేంది, తగ్గితే నీకేంది? లే, చుక్కమ్మ చేపింది. బయట గిన్నెలు పట్టుకోని మంది నిలవడ్డరు."

బాపు లేచి వెళ్లాడు. టీవీ ఒక్కతే అరుస్తుంటే నేనే కట్టేశాను. పెరట్లోంచి క్యాన్‌లో పాలు పడుతున్న చప్పుడు, గేటు దగ్గర ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. పొద్దుగాల లేచి ఏం చేయాలని అమ్మ నన్ను మళ్లీ అడగలేదు.